బొమ్మ తొడుక్కున్న స్వెట్టరు

బతికున్న మనిషిని పోయాడని చెప్పడానికి ఎంత గుండె ధైర్యం కావాలి? ఏమీ అక్కర్లేదు. ఎదురుగా ఒక మర్యాదస్తురాలు కూర్చుని, మెత్తటి గొంతుతో "పెద్దాయన మరి..." అని మాట సగంలో ఆపితే చాలు. మన కథలోని కోడలు తల దించుకుంది. అంతే. నోటితో ఒక్క అబద్ధం ఆడలేదు. తల దించుకుంటే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో తెలియనంత అమాయకురాలేమీ కాదనుకోండి. ఆ మాట తర్వాత.

ముందు ఆ ఇంటి సంగతి చెప్పాలి. వీధిలోకి తెరుచుకునే ముందు గది, దాని వెనక పడక గది, ఆ వెనక వంటిల్లు. ముందు గది ఏళ్ళ తరబడి మామగారిది. ఆయన్ని చుట్టుపక్కల అందరూ బైండింగు తాత అనేవారు. చిరిగిన పుస్తకం ఏదైనా సరే, విప్పి, కుట్టి, వెన్నుకు గుడ్డ అంటించి, కొత్త అట్ట వేసి ఇచ్చేవాడు. ఒక పొడుగాటి బల్ల, తిప్పితే కిర్రుమనే ఇనుప ప్రెస్సు, జిగురు గిన్నె, రకరకాల దబ్బనాలు, ఆయన ఒంటి మీద ముక్కుపొడి రంగు స్వెట్టరు. ఆ స్వెట్టరు పోయిన అత్తగారు అల్లింది. మోచేతుల దగ్గర చిరిగితే పుస్తకాల వెన్నుకు వేసే ఎర్ర గుడ్డ ముక్కలే అతుకేశాడు ఆయన. అదీ ముందు జిగురుతో అంటించి, తర్వాత కుట్టాడు. స్వెట్టరు చేతికొచ్చినా ఆయనకు పుస్తకంలాగే కనిపించింది మరి.

పని తగ్గిపోయింది. పుస్తకం చిరిగితే కుట్టించుకునేవాళ్ళు ఎవరున్నారు? అయినా ఆయన పొద్దున్నే ఆ బల్ల ముందు కూర్చునేవాడు, జిగురు మరిగించేవాడు, ఆ వాసన ఇల్లంతా కమ్ముకునేది. కోడలేమో ఎవరిదో బ్యూటీ పార్లర్లో పరాయి జుట్టు కత్తిరించి, ఆ జుట్టే ఊడ్చి ఇంటికొచ్చేది. తనకంటూ ఒక అద్దం, ఒక కుర్చీ, వీధి వైపు ఒక గది ఉంటే చాలునని ఆమె కోరిక. న్యాయమైన కోరికే. ఎవరూ కాదనరు. గదిలో మనిషి ఉన్నాడు, అదొక్కటే అడ్డం.

కిందటి చలికాలంలో ఆయనకు ఊపిరితిత్తుల జబ్బు చేసింది. ఆస్పత్రిలో పడేశారు. డాక్టర్లు చేతులెత్తేశారు, కావలసినవాళ్ళకు కబురు పెట్టుకోమన్నారు. కోడలు రోజూ వెళ్ళింది, గిన్నె పట్టుకెళ్ళింది, ఒళ్ళు తుడిచింది, దుప్పటి మార్చింది. ఆ విషయంలో ఆమెను వేలెత్తి చూపడానికి లేదు. కానీ ఇంటికొస్తే ముందు గది ఖాళీగా కనబడేది. ఖాళీ గదికి ఒక పాడు గుణం ఉంది, మనిషి చేత లెక్కలు వేయిస్తుంది.

సరిగ్గా అప్పుడే మ్యూజియం ఆవిడ వచ్చింది. నీలం తలుపుల మేడ అని ఆ ఊళ్ళో ఒక పాత మేడ ఉంది. దాన్ని బాగుచేసి, ఆ ఊరి పాత సంగతులన్నీ అందులో పెడుతున్నారట. చేతిపనుల వాళ్ళ సామాను కావాలట. "ఆ మనిషి ఉంటే ఆయన్నే అడుగుతామమ్మా, లేకపోతే వారసులు ఇవ్వొచ్చు. పెద్దాయన మరి..." అని ఆగింది ఆవిడ. కోడలు తల దించుకుంది. ముక్కు కూడా చీదింది. ఆస్పత్రి వరండాల్లో తిరిగి తిరిగి జలుబు చేసిందిలెండి. ఆవిడ మాత్రం లేచి వచ్చి భుజం తట్టింది.

బల్ల వెళ్ళింది, ప్రెస్సు వెళ్ళింది, జిగురు గిన్నె వెళ్ళింది. పోతూ పోతూ ఆవిడ, "ఆయన తొడుక్కున్నది ఏదైనా ఉంటే ఇవ్వమ్మా, బొమ్మకు తొడుగుతాం" అంది. ఆస్పత్రివాళ్ళు ఒంటి మీంచి తీసి సంచిలో పెట్టి ఇచ్చిన స్వెట్టరు కొక్కేనికి వేలాడుతోంది. అదీ ఇచ్చేసింది.

సాయంత్రం మొగుడు వచ్చాడు. బస్సు డ్రైవరు. రోడ్డు మీద హారను కొట్టడమే గానీ ఇంట్లో నోట్లో నాలుక లేని మనిషి. ఖాళీ గది చూసి, "ఇదేంటే?" అన్నాడు. "ఎలాగూ..." అంది ఆమె. అతను కాసేపు గోడ వంక చూసి "ఊ" అన్నాడు. ఆ పాపంలో అతని వాటా ఆ ఒక్క ఊ.

ఆ తర్వాత ముసలాయన బతికాడు.

మా వైద్యమే అన్నారు డాక్టర్లు. ఏదైతేనేం, కొడుకు చెయ్యి పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టాడు. ముందు గదిలో పెద్ద అద్దం, తిరిగే కుర్చీ, గోడ నిండా జుట్టు విరబోసుకున్న అమ్మాయిల బొమ్మలు. అద్దంలో తన మొహం తనే చూసుకుని, "బల్ల ఏదమ్మా?" అన్నాడు.

"చెదలు పట్టింది మామయ్యా. వడ్రంగికిచ్చాం."

"ప్రెస్సు?"

"తుప్పు పట్టిందిగా. దాన్నీ బాగుచేయిస్తానన్నాడు."

"నా స్వెట్టరు?"

"ఆస్పత్రిలో పోయింది మామయ్యా. ఎంత వెతికినా దొరకలేదు."

ఆయన మోచెయ్యి ఒకసారి తడుముకున్నాడు. స్వెట్టరు మాట మళ్ళీ ఎత్తలేదు. కొడుకు పాత డ్రైవరు కోటు తొడుక్కుని వెనక గదిలో కూర్చునేవాడు. చేతులు మరీ పొడుగై వేళ్ళు కూడా కనిపించేవి కావు.

బల్ల సంగతి మాత్రం అడుగుతూనే ఉండేవాడు. గట్టిగా కాదు, పక్కింటివాళ్ళ క్షేమం అడిగినట్టు. "వచ్చిందా అమ్మాయ్?" అనేవాడు. ఆ లేని వడ్రంగి కోసం కోడలు పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. వాడికి ఒకసారి జ్వరం తెప్పించింది. ఒకసారి వాడి కూతురికి పెళ్ళి చేసింది. మరోసారి వాడికి సరైన చెక్క దొరకలేదు. ముసలాయన అన్నీ విని, "పాపం, వాడికీ ఎన్ని కష్టాలో" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఈసారి అడిగితే నిజం చెప్పేద్దాం అనుకునేది. ఈసారి వచ్చేది, వడ్రంగి మళ్ళీ పడకెక్కేవాడు.

ఒకరోజు ఎదురింటి పిన్నిగారు జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చింది. సగం తల అయిందో లేదో మొదలుపెట్టింది. "నీలం తలుపుల మేడని మ్యూజియం చేశారు కదే, వెళ్ళొచ్చాను. నా మోకాళ్ళతో హాల్లోనే కూలబడ్డాననుకో, అయినా ఎంత బావుందనుకున్నావ్. లోపల పాత పనిముట్లు కూడా..."

కోడలి చేతిలో కత్తెర జారింది. జుట్టు ఆరబెట్టే మిషను పెద్దగా పెట్టేసింది. ఏం లాభం? వెనక గదిలోంచి మామగారి గొంతు వినబడనే వినబడింది.

"నీలం తలుపుల మేడా? ఆ ఇంటి పుస్తకాలన్నీ నేనే కుట్టానమ్మా. ఒకసారి చూడాలి."



ఏదీ కావాలని అడగని మనిషి, ఈసారి మాత్రం పట్టు విడవలేదు. వాన అంది, ఆగాక వెళ్దామన్నాడు. మెట్లు అంది, మెల్లగా ఎక్కుతానన్నాడు. ఒక మధ్యాహ్నం ఆమె ఒక్కతే మ్యూజియం దాకా వెళ్ళింది, ఆయన పోయాడని రాసిన కాగితం ఏదైనా ఉంటే తీయించేద్దామని, ఎలాగోలా చెప్పేద్దామని. గేటు పట్టుకుని నిలబడింది. ఏమని చెప్పాలి? మా మామయ్య లేచి వచ్చాడండీ అని చెప్పాలా? అటు నుంచి అటే ఇంటికి వచ్చేసింది.

ఆఖరికి తప్పలేదు. మొగుడితో పంపితే అతను ఊ అంటూ అన్ని గదులూ తిప్పుతాడు. తనే వెళ్తే పుస్తకాల గది చూపించి వెనక్కి మళ్ళించొచ్చు. ఆ లెక్కతోనే బయల్దేరింది.

మేడ మెట్ల దగ్గర ముసలాయన ఆగాడు. నీలం తలుపుల వంక చూస్తూ, "ఎన్ని పుస్తకాలు మోశానో ఈ ఇంటికి" అన్నాడు. "మీ అత్తయ్య కూడా ఒక మూట పట్టేది. వెనక వాకిలి నుంచే రానిచ్చేవారు. ముందు వాకిట్లోంచి రావడం ఇదే మొదలు." డ్రైవరు కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, జుట్టు సవరించుకుని మరీ గడప దాటాడు.

హాల్లో మనిషెత్తు అద్దం. పక్క గదిలో ఎవరూ తినని భోజనానికి పరిచిపెట్టిన పళ్ళేలు. మెళ్ళో కార్డు వేసుకున్న గైడు అమ్మాయి ఒకతె కొంతమందిని వెంటబెట్టుకుని చెబుతూ పోతోంది. కోడలు కావాలనే వెనకబడింది. పుస్తకాల గదికి వచ్చేసరికి వీళ్ళిద్దరే మిగిలారు.

అద్దాల బీరువాల ముందు ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ముట్టుకోవద్దని రాసి ఉంది. ముక్కు అద్దానికి తగిలేంత దగ్గరగా వంగి, ఒక్కో వెన్నూ చూసుకుంటూ వెళ్ళాడు. "ఇది నాదే. ఇదీ నాదే. ఇది కాదు, వంకరగా ఉంది." నవ్వాడు. "వంకరదే ముందు వరసలో పెట్టారు చూశావా." చాలా కాలానికి ఆయన నవ్వు విన్నది కోడలు. ఆ నవ్వుకు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకుంది.

"ఇక పోదాం మామయ్యా. టీ తాగుదాం" అని వచ్చిన దారినే తిప్పింది. గుమ్మంలో కాపలా మనిషి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"ఇటు లోపలికి రావడానికేనమ్మా. బయటికి దారి అటు, వెనక నుంచి."

"పెద్దాయన నడవలేరు. ఇటే దగ్గర."

"అటు మెట్లు కూడా లేవమ్మా, తాతగారికి అదే సుఖం."

ఇక ఏం చేస్తుంది?

వెనక వైపు ఒకప్పటి వంటిల్లు. ఇప్పుడు దాన్ని చేతిపనుల గది చేశారు. చెప్పులు కుట్టేవాళ్ళ సామాను, కుండలు చేసే చక్రం, మంగలి పెట్టె. కిటికీ పక్కన మంచి వెలుతురులో, తాడు కట్టిన అవతల, ఆ బల్ల. బల్ల మీద ప్రెస్సు, జిగురు గిన్నె. బల్ల ముందు స్టూలు మీద మొహం లేని గుడ్డ బొమ్మ, చేతిలో దబ్బనం. దాని ఒంటి మీద ముక్కుపొడి రంగు స్వెట్టరు. మోచేతుల దగ్గర ఎర్ర గుడ్డ.

ముసలాయన నిలబడిపోయాడు.  కోడలికి పారిపోవాలనిపించింది, కానీ చెయ్యి ఆయన చేతిలో ఉంది. ఆయన వదల్లేదు.

గోడకు అంటించిన కాగితం చూపిస్తూ, "ఆ కాగితం మీద ఏం రాశారమ్మా?" అన్నాడు. "నా కళ్ళజోడుకి ఆనట్లేదు."

కాగితం మీద మొదటి మాటే కీర్తిశేషులు. ఆ వెంటనే ఆయన పేరు. కోడలు దాన్ని దాటేసి చదివింది.

"పుస్తకాలు బైండు చేసేవాళ్ళ పనిముట్లు, అని."

"అంతేనా? చాలా రాసినట్టుందే."

"అంతే మామయ్యా."

ఆ అబద్ధం ఇంకా ఆమె నోట్లో ఆరనే లేదు, గైడు అమ్మాయి మేడ మీది గదులు చూపించి, తన గుంపుతో దిగి వచ్చి పక్కనే నిలబడింది. అలవాటైన గొంతుతో అందుకుంది. "ఈ ఊళ్ళో చేత్తో పుస్తకాలు కుట్టిన ఆఖరి మనిషి బల్ల ఇది. ఆయన కిందటి చలికాలంలో కాలం చేశారు. వాళ్ళ కోడలుగారు ఇవన్నీ ఇచ్చారు. ఇచ్చేటప్పుడు ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట."

కోడలికి తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు ఆయన తన వైపు తిరుగుతాడు, అందరి ముందూ అడుగుతాడు, అడగాలి కూడా. ఆమె నేల చూపులు చూస్తూ ఎదురుచూసింది.

"పాపం" అన్నాడు ముసలాయన. "ఏం జబ్బు?"

"ఊపిరితిత్తులట తాతగారూ. మీకు తెలుసా ఆయన?"

"తెలుసు. కలిసే పనిచేశాం."

గుంపంతా ఆయన వైపు తిరిగింది. "ఎలాంటి మనిషండీ?" అంది గైడు అమ్మాయి.

ఆయన బొమ్మ వంక చూస్తూ ఆలోచించాడు. "కాస్త మొండివాడు. పనుండనీ, లేకపోనీ, జిగురు మరిగించేవాడు. ఇంట్లోవాళ్ళకి ఊపిరాడేది కాదు. ఏనాడూ పాపం వాళ్ళు పైకి అనలేదు." కొంచెం ఆగి, "కోడలు మాత్రం మంచిపిల్ల" అన్నాడు. "ఆస్పత్రిలో కొడుకు కంటే ఆ పిల్లే ఎక్కువ చేసింది. కళ్ళు తెరవకపోయినా అతనికి తెలిసేది, ఎవరి చెయ్యో."

గుంపులో ఒకావిడ నిట్టూర్చింది. "ఈ రోజుల్లో అలాంటి కోడళ్ళు ఎక్కడున్నారు?" అని, పక్కనే ఉన్న పాపానికి మన కోడలి వైపు తిరిగి, "కదమ్మా?" అంది.

ఏదో ఒకటి అనాలి.

"ఊ" అంది కోడలు.

మొగుడి ఊ ఎలాంటిదో ఆమెకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ దాన్ని పట్టుకుని అతన్ని మనసులో ఎన్ని తిట్టిందో.

బయట పెరట్లో సిమెంటు బెంచీ ఉంది. ఆయన్ని కూర్చోబెట్టి ఆమె ఎదురుగా నిలబడింది. తిడితే బాగుండును. నలుగురినీ పిలిచి చెప్పినా బాగుండును. ఆయన ఊపిరి కుదురుకునేదాకా చెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

"మామయ్యా, నేను..."

"అక్కడ వెలుతురు బాగుందమ్మాయ్" అన్నాడు ఆయన, ఆమె మాటకు అడ్డం వస్తూ. "మనింట్లో ఆ బల్ల మీద మధ్యాహ్నానికే చీకటి పడేది. అక్కడే ఉండనీ. వడ్రంగిని ఇక తొందరపెట్టకు."

ఆమెకు ఏడుపొచ్చింది. సిగ్గుతో చితికిపోయింది. ఏడవడానికి కూడా మొహం చెల్లలేదు, ఇప్పటికే కళ్ళనీళ్ళు పెట్టుకున్న కోడలని గోడకెక్కింది కదా. 

గాలి వీచింది. ఆయన కోటు చేతుల్లోకి వేళ్ళు ముడుచుకున్నాడు.

"ఒక్కటే అమ్మా. ఆ స్వెట్టరు. మీ అత్తయ్య అల్లింది. అడిగి తేగలవా? మళ్ళీ చలికాలం వచ్చేస్తోంది." ఆమె మొహం చూసి వెంటనే, "అడగలేకపోతే వద్దులే" అన్నాడు. "నేనే వెళ్ళి అడగొచ్చు. నేనడిగితే నిన్ను ఏమన్నా అంటారేమోనని."

ఆమె వెనక్కి తిరిగి నడిచింది. నడుస్తుంటే, నిజం చెబుతున్నా, ఆమె బుర్ర ఊరుకోలేదు. మంచి అబద్ధం ఒకటి దానంతటదే తయారైంది. పోయిన మామగారి గుర్తుగా స్వెట్టరు ఇంట్లో ఉంచుకుంటాను, బదులు ఇంకోటి తెచ్చిస్తాను అనొచ్చు. ఎవరు కాదంటారు? స్వెట్టరు వస్తుంది, ఆయనకు చలి తగ్గుతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. ఇంత సుళువైన దారి ఉండగా మనిషి ఇంకో దారి ఎందుకు తొక్కాలి?

చేతిపనుల గదిలో గుంపు ఇంకా కదల్లేదు. నిట్టూర్చినావిడ ఆ కాగితం చదువుకుంటోంది.

"ఏమైనా మర్చిపోయారా అండీ?" అంది గైడు అమ్మాయి.

"ఆ బొమ్మ మీది స్వెట్టరు మా మామయ్యది" అంది కోడలు. "ఇవన్నీ ఇచ్చింది నేనే."

గైడు అమ్మాయి మొహం మెత్తబడిపోయింది. గుంపంతా జాలిగా దారిచ్చింది. నిట్టూర్చినావిడ వచ్చి చెయ్యి పట్టుకుంది కూడా.

"మీరేనా అండీ ఆ కోడలుగారు. ఇందాకే చెప్పాల్సింది. పెద్దాయన గుర్తుగా ఇంట్లో..." అని గైడు అమ్మాయి, మర్యాద కొద్దీ, మాట సగంలో ఆపింది.

మళ్ళీ తల దించుకుంటే చాలు. ఇదివరకు అంతే చేసింది. మెడ దానంతటదే వంగబోయింది. కిటికీలోంచి వెలుతురు బొమ్మ మోచేతుల మీద పడుతోంది. ఎర్ర గుడ్డ అంచున, కుట్టు పక్కన, జిగురు చార ఎండిపోయి ఉంది.

కోడలు తల ఎత్తి ఆ అమ్మాయి కళ్ళలోకి చూసింది.

"గుర్తుకి కాదండీ. ఆయనకి చలేస్తోంది. బయట బెంచీ మీద కూర్చున్నారు."